లైనుకు అవతలి కొన

పెంచలయ్యకు గర్వమనేది బొత్తిగా లేదు. ఆ సంగతి ఆయనే పదిమందికీ చెప్పేవాడు. తనకంటే ఎక్కువ తెలిసినవాడు ఎదురైతే చేతులు కట్టుకుని వింటానని కూడా అనేవాడు. అలాంటివాడు మాధవరం చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా ఎదురుకాలేదంటే అది ఆయన తప్పు కాదు.

టెలిఫోన్ శాఖలో లైన్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు మాత్రం అట్ట ఊడిన పాత నిఘంటువు పెట్టుకుని స్తంభాల మీదే నేర్చుకున్నాడు. కింద పోయేవాళ్ళు 'పాపం, ఎండలో ఎంత కష్టపడుతున్నాడో' అనుకునేవాళ్ళు. పైన ఆయన 'క్యూ' అక్షరంలో ఉండేవాడు.

రిటైరయ్యాక ఒక నోటుబుక్కు పెట్టాడు. రోజుకో ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థాలూ, పుట్టుకా రాసుకోవడం. అంతా సాఫీగా సాగుతుండగా 'లైను' దగ్గర బండి ఆగింది. ఐదు నెలలైంది. తర్వాతి మాటకు పోదామంటే చెయ్యి రాదు.

ఒక ఆదివారం పొద్దున నోటుబుక్కు చంకన పెట్టుకుని చౌడయ్య తాత దగ్గరికి వెళ్ళాడు.

చౌడయ్య తాత నేతగాడు. ఎనభై దాటాయి. కాషాయం కట్టలేదు, పీఠం పెట్టలేదు. గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చునేవాడు. మూడు నాలుగు ఊళ్ళవాళ్ళు తమ చిక్కులు తెచ్చి ఆయన ముందు పోసేవాళ్ళు. ఒక్కోసారి జవాబు చెప్పేవాడు. ఎక్కువసార్లు చెప్పేవాడు కాదు. పెంచలయ్య పదేళ్ళుగా ఆయన శిష్యుడు. అంటే పదేళ్ళుగా ఆయన పెంచలయ్య మాటలు వింటున్నాడు.

ఆ రోజు మగ్గం ఆడటం లేదు. నేసిన చీర కోసేశాడు. పాత పడుగు, అంటే నిలువు పోగుల కొసలు, మగ్గానికున్న దువ్వెనలాంటి అచ్చులో జానెడు మిగిలి ఉన్నాయి. వాటికి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే చేర్చి, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెడుతున్నాడు తాత. అన్నీ అతికితే పాత పడుగే కొత్తదాన్ని అచ్చులోంచి లాక్కుపోతుంది. మూడు వేల పైచిలుకు పోగులు. రెండు మూడు రోజుల పని.

"ఏమప్పా, శానా దినాలకు వచ్చినావే," అన్నాడు తల ఎత్తకుండానే.

"ఒక మాట దగ్గర చిక్కుకున్నా తాతా. లైను."

"అది నీ ఉద్యోగమే కదా."

"అదే చిత్రం." పెంచలయ్య నోటుబుక్కు తెరిచాడు. ఆ తెరవడంలోనే ఒక పురాణ కాలక్షేపం ఉంది. "రైలు పట్టాలూ లైనే. రేషన్ షాపు ముందు నిలబడేదీ లైనే. కరెంటుదీ లైనే, అరచేతిలో గీతా లైనే. బియ్యం మానేసి సిమెంటు అమ్ముకుంటే వేరే లైన్లోకి పోయినాడంటాం. కాలేజీ పిల్లోళ్ళు ఆడపిల్లల వెనక వేసేదీ లైనే. అది మాత్రం నిఘంటువులో దొరకలా."

"పెద్దోళ్ళు రాసిన పుస్తకం కదా. మరిచిపోయింటారు."

"మొత్తం నలభై ఒకటి తేలినాయి. పుట్టుక ఇంకా విచిత్రం. ఎప్పుడో ఆ దేశాల్లో అవిసె నారతో పేనిన దారాన్ని అట్లాంటి మాటతోనే పిలిచేవాళ్ళంట. దారం బిగించి పట్టుకుంటే గీత. ఇంక అక్కడినించి మిగతావన్నీ."

"అంటే పోగే."

"పోగే తాతా."

తాత వేళ్ళు ఆగలేదు. "ఇంత ఎండలో నడిచొచ్చింది ఇది నాకు చెప్పేదానికేనా?"

పెంచలయ్య నోటుబుక్కు మూశాడు.

"దస్తగిరి ఫోను చెయ్యడం లేదు," అన్నాడు.

దస్తగిరిది ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళు స్తంభం మీద పెంచలయ్య, బోర్డు దగ్గర దస్తగిరి. తెగిన తీగ కలిపినప్పుడల్లా పెంచలయ్య చేతిఫోను తగిలించి "లైన్లో ఉన్నావా?" అనేవాడు. "ఉన్నా, చెప్పు," అనేవాడు దస్తగిరి. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అయినా ఇద్దరూ ఒక బీడీ కాలేంతసేపు మాట్లాడుకునేవాళ్ళు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం పది గంటలకు దస్తగిరి ఫోను వచ్చేది.

ఐదు నెలల కిందట దస్తగిరి కూతురి పెళ్ళి. ఆ ఇంట్లో అంతకుముందు ఏ పెళ్ళి పత్రికలోనూ ఇంగ్లీషు ముక్క లేదు. ఈసారి ఒక పక్కంతా దస్తగిరే సొంతంగా ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించి, మొదటి పత్రిక పెంచలయ్యకు పంపాడు. పెంచలయ్య ఎర్ర సిరాతో పదకొండు తప్పులు దిద్ది, కింద 'మొత్తానికి బాగుంది' అని రాసి, తిరుగు టపాలో పంపాడు. స్నేహం కొద్దీ.

పెళ్ళిలో దస్తగిరి దగ్గరుండి వడ్డించాడు. ఇంకొంచెం వేసుకోమని బలవంతం చేశాడు. ఆ తర్వాతి ఆదివారం పది గంటలకు ఫోను మోగలేదు.

"నువ్వు చెయ్యకపోయినావా?"

"చూద్దామనుకున్నా తాతా. ఎన్నాళ్ళుంటాడో చూద్దామని. నామీద అభిమానం ఉండేది నిజమైతే వాడే చేస్తాడు కదా. పది కొడుతూనే పోయి ఫోను పక్కన కూర్చుంటా. ఎందుకు కూర్చున్నావని మా ఆడామె అడిగితే, లైను బాగుందో లేదో చూస్తున్నా అంటా. ఎవరు ముందు చెయ్యాల, నువ్వే చెప్పు."

తాత బూడిద చిప్ప ఇటు జరిపాడు.

"దిగు," అన్నాడు.

పెంచలయ్య మగ్గం గుంటలోకి దిగి తాత పక్కన సర్దుకున్నాడు. పని చూపించడానికి తాత రెండు పోగులు మెలిపెట్టాడు, అంతే. పెంచలయ్యకు అది ఒక లెక్కా? జీవితమంతా తీగలు కలిపిన చేతులు. కలిపిన ప్రతి పోగునూ చిటికెన వేలితో ఒకసారి లాగి చూసుకున్నాడు. లైన్‌మాన్ బుద్ధి. కలిపిన తీగను లాగి చూడందే స్తంభం దిగకూడదు. తాత చూశాడు. మరో పోగు అందుకున్నాడు.

పదయింది. ఇంట్లో ఫోను మోగుతోందేమో అనిపించింది. మోగకపోయి ఉంటుందని కూడా అనిపించింది. వేళ్ళు వాటి పాటికవి పనిచేస్తున్నాయి.

మధ్యాహ్నానికి తాత తన పోగులూ శిష్యుడి పోగులూ గుప్పిట్లోకి తీసుకుని, నిద్రపోయే బిడ్డ చేతిలోంచి కొంగు విడిపించుకున్నంత మెల్లగా ముందుకు లాగాడు. తాతవి కదిలి వచ్చాయి. పెంచలయ్యవి ఒకటొకటే జారి వేలాడాయి. ఆఖరున ఓ ముప్పై మాత్రం నిలిచాయి.

"అన్నీ లాగి చూసినా కదా తాతా. అప్పుడు గట్టిగా ఉండాయే."

"లాగి చూసినవే జారినాయి."

"మరి ఈ ముప్పై?"

"పది గంటలప్పుడు లాగేది మరిచి నువ్వు కలిపినవి," అన్నాడు తాత. "మెలి కుదురుకునేదానికి కొంచెం పొద్దు పడుతుందప్పా."

జారిన పోగుల్లో మొదటిది తీసుకుని మళ్ళీ మెలిపెట్టడం మొదలుపెట్టాడు. పెంచలయ్య చాలాసేపు ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని కొంతదూరం నడిచాక గాని, వేసుకోలేదన్న సంగతి గమనించలేదు.

ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, వేళ్ళకు బూడిద ఉండగానే నంబరు నొక్కాడు.

నాలుగుసార్లు మోగింది. అవతల ఎత్తారు. మాట లేదు. వెనక ఎక్కడో కుక్కర్ కూత, ఎవరో పిల్ల నవ్వు. దగ్గరగా ఊపిరి. ఇరవయ్యారేళ్ళు చెవికి ఆనుకుని ఉన్న ఊపిరి అది, పేరు అడగక్కర్లేదు.

'లైన్లో ఉన్నావా?' అని నాలుక చివరిదాకా వచ్చింది. అదీ లాగి చూడటమే అనిపించి పెంచలయ్య దాన్ని మింగేశాడు.

దస్తగిరి ఫోను పెట్టెయ్యలేదు.

పక్కనే నోటుబుక్కు ఉంది, నలభై ఒక్క అర్థాలతో. ఇలాంటప్పుడు మొదట ఏ మాట అనాలో మాత్రం అందులో రాసుకోలేదు. ఆ రోజు పెంచలయ్యకు అది తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.