బల్లి పలకని మేడ

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, మంజులగిరి అని ఓ చిన్న రాజ్యం. దానికి మల్లభూపతి అని ఓ రాజు. మనిషి మంచివాడేనమ్మా, ముందే చెప్తున్నా. కాస్త గొప్పలకి పోతాడు, అంతే.

ఆయన ఉండే కోట చాలా పాతది. ముత్తాతగారు ఓ పందిరి వేశారు. ఆయన కొడుకు దానికి పెంకులు కప్పించాడు. మనవడు వెనకాల గదులు కట్టించాడు. ఎవరేం కట్టినా ముందున్న చావడి జోలికి మాత్రం పోలేదు. వీధిలోకి తెరుచుకునే పెద్ద చావడి, మధ్యలో మనిషెత్తు దీపస్తంభం. పొద్దుగూకితే చాలు, ఊళ్ళ తగువులన్నీ ఆ దీపం చుట్టూ చేరేవి. రాజు కూడా అక్కడే చాప మీద కూర్చునేవాడు.

ఆ చావడి గోడ మీద ఓ ముసలి బల్లి ఉండేది. అందరి మాటా అయ్యాక రాజు తీర్పు చెప్పేవాడు. బల్లి "చ్‌చ్‌చ్" అనేది. జనం వేలితో నేల మీద తట్టి, "సత్యం! బల్లి పలికింది!" అని లేచి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఇక ఆ తీర్పు దాటేవాళ్ళు కాదు.

ఇలా ఉండగా, పక్క రాజు కొత్త మేడ గృహప్రవేశానికి వెళ్ళొచ్చాడు మల్లభూపతి. వచ్చినప్పట్నుంచీ అన్నం సయించలేదు.

"పేరయ్యా, మనం ఉండేది కోటా, సంతా?" అన్నాడు మంత్రితో.

"సంతే ప్రభూ. అందుకే కళకళలాడుతోంది."

"వెటకారం ఆపు. నాకు మేడ కావాలి. చూసినవాడికి మెడ నొప్పి పుట్టాలి!"

పుట్టింది. అయిదంతస్తుల మేడ లేచింది. గోడల గచ్చు ఎంత నునుపంటే మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. దాని ముందు మూడు వాకిళ్ళు, వాకిలికో భటుడు. రాజుగారేమో పై అంతస్తులో. పాత చావడిలో దీపం కొండెక్కింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎగువపల్లెకీ దిగువపల్లెకీ ఒకటే కాలువ. వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్ళందకపోతే గింజ పట్టదు. ఎగువ వాళ్ళు కాలువకి అడ్డుకట్ట వేశారు. దిగువ వాళ్ళు తెంచేశారు. రెండు ఊళ్ళలోనూ కర్రలు లేచాయి. పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్ళమ్మా అవి! చివరికి ఎగువ పెద్ద గంగులు, దిగువ పెద్దావిడ పోలమ్మ, వెనక జనంతో మేడకి వచ్చారు.

కింద వీళ్ళు చెప్పింది భటులు పైకి మోశారు. పైన రాజు చెప్పింది కిందికి మోశారు. "పగటి నీళ్ళు ఎగువకి. రాత్రి నీళ్ళు దిగువకి. సమానం!"

అందరూ గోడ వంక చూశారు. చప్పుడు లేదు.

"బల్లి పలకలేదు. ఇది తీర్పు కాదు," అంది పోలమ్మ.

"నిజమే అత్తా," అన్నాడు గంగులు.

"ఏరా, నీకు నచ్చిన తీర్పే కదా?"

"నచ్చితే? రేపు బల్లి పలకలేదని మీరు మళ్ళీ కట్ట తెంచుతారు. మళ్ళీ కర్రలే."

సంగతి పైకి చేరింది. రాజు ఆలోచనలో పడ్డాడు. తన మాట నిలబడకపోతే కాలువ గట్టు మీద తలలు పగులుతాయి.

మొదట బంగారు బల్లిని చేయించి గుమ్మానికి కొట్టించాడు. పోలమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "ముద్దుగా ఉంది నాయనా, మెళ్ళో వేసుకోవచ్చు. పలుకుతుందా?" పలకలేదు.

రెండోసారి ఓ నౌకర్ని స్తంభం వెనక దాచాడు. తీర్పు అవగానే నాలికతో "చ్‌చ్‌చ్" అనాలి. కానీ కొత్త సున్నం కదా, ముక్కులోకి పోయింది. తీర్పు అయీ అవగానే "హాఛ్!" మని తుమ్మాడు.

"హరి హరీ! తీర్పు మీద తుమ్మా!" అని జనం చెంపలేసుకున్నారు.

మూడోసారి పాత చావడి నుంచి ముసలి బల్లినే బుట్టలో తెప్పించాడు. రాజే కిందికి దిగొచ్చాడు. బల్లిని గోడ మీద పెట్టారు. నూనె పట్టించి మరీ మెరుగు పెట్టిన గోడాయె! పాపం అది నాలుగు కాళ్ళతోనూ తన్నుకుంది. సర్రున జారి రాజుగారి నెత్తిన పడింది.

"నెత్తిన బల్లి పడితే కలహం!" అని ఒకటే గోల. "కలహం ఎలాగూ ఉందిగా, పదండి," అని గంగులు కర్ర అందుకున్నాడు. జనమంతా వెళ్ళిపోయారు.

మిగిలింది రాజు, మంత్రి, ఒళ్ళోకి జారిన బల్లి. తెగిన తోక నేల మీద ఒంటరిగా గంతులేస్తోంది.

"క్షమించండి బల్లిగారూ," అన్నాడు రాజు.

"తోక మళ్ళీ మొలుస్తుందిలే నాయనా," అంది బల్లి. "నీ సంగతి చెప్పు."

"నా మాటకి విలువ పోయింది. ఒక్కసారి పలకండి. ఆ కర్రలు దిగుతాయి."

"ఆకలితో గొంతు పెగలడం లేదు. ఇక్కడ పురుగేదీ?"

"ఎందుకు లేదు?"

"దీపం లేదుగా."

"ముందు గదిలో దీపం ఎవరికోసం పెట్టమంటారు? అక్కడికి మనుషులు..." రాజు ఆగిపోయాడు. రారు అనబోయి నాలిక కరుచుకున్నాడు.

"ఇంకో మాట," అంది బల్లి. "నేనెప్పుడూ నీ తీర్పులకి పలకలేదు. నువ్వు ముగించేసరికి చీకటి పడేది, దీపానికి పురుగులు మూగేవి. ఒకటి దొరికితే సంతోషం పట్టలేక పలికేదాన్ని."

"మరి జనం నమ్మిందెవర్ని?"

"నువ్వు వాళ్ళ పక్కన కూర్చుని వినేవాడివి. అది కళ్ళారా చూసేవాళ్ళు. నా పలుకు పేరుకే."

పేరయ్య గుసగుసలాడాడు. "ప్రభూ, ఈ మాట బయటికి పొక్కనీయకండి. సమయానికి రెండు పురుగులు వేద్దాం. పలుకుతుంది, గొడవ వదులుతుంది."

రాజు ఒకసారి తోక వంక చూశాడు. "వద్దు పేరయ్యా. గునపాలు తెప్పించు."

పొద్దున్నే మేడ ముందు గదికి వీధి వైపు గోడ పడగొట్టించాడు. వాకిళ్ళ తలుపులు తీయించాడు. పాత దీపస్తంభం తెచ్చి మధ్యలో పెట్టించాడు. తనే గట్టు దాకా నడిచి వెళ్ళి, కర్రల మధ్య నిలబడి, "ఒక్కసారి మళ్ళీ రండి," అని చేతులు జోడించాడు. సాయంత్రానికి రెండు ఊళ్ళూ వచ్చి చాపల మీద కూర్చున్నాయి.

రాజు బల్లి చెప్పిందంతా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జనం నోళ్ళు తెరిచారు. "ఇక నా దగ్గర బల్లి లేదు. చెవులున్నాయి. మొదట్నుంచీ చెప్పండి."

పోలమ్మ గొంతు సవరించుకుంది. "రాత్రి నీళ్ళన్నావు నాయనా. గట్ల నిండా పాములు. చీకట్లో మడవ తిప్పి నీళ్ళు పొలంలోకి మళ్ళించాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి."

"ఈ మాట ఆ రోజే చెప్పలేదేం?"

"చెప్పాను. మూడో వాకిలి దగ్గర ఆగిపోయింది."

రాజు తల దించుకున్నాడు. గంగులు కూడా. తల ఎత్తి రాజు అన్నాడు: "ఒక వారం పగటి నీళ్ళు ఎగువకి, మరు వారం దిగువకి. రాత్రి వంతు ఎవరిదైతే వాళ్ళ గట్టు మీద మా భటులు దివిటీలు పట్టుకుని నిలబడతారు. ఇక్కడ వాకిళ్ళకి కాపలా ఇక అక్కర్లేదు."

అలవాటు కదా, అందరూ గోడ వంకే చూశారు. పగలగొట్టిన గోడ గరుకు అంచున బల్లి ఓ రెక్కల పురుగు మీద చూపు నిలిపి కదలకుండా ఉంది. చప్పుడు లేదు.

అప్పుడు పోలమ్మ నాలికతో "చ్‌చ్‌చ్" అంది. వేలితో నేల మీద తట్టింది. "సత్యం."

"నీకంటే బల్లే నయం అత్తా, దానికి పళ్ళున్నాయి," అని గంగులు తనూ తట్టాడు. చ్‌చ్‌చ్! ఆ పక్కవాడు, ఆ వెనకావిడ, పిల్లలు. చావడంతా చ్‌చ్‌చ్! ఆ సందట్లో బల్లి గబుక్కున పురుగుని పట్టి నిజంగానే పలికింది గానీ, ఎవరికీ వినపడలేదు.

ఆ ఏడు రెండు ఊళ్ళలోనూ గింజ పట్టింది. బల్లికి తోకా మొలిచింది. బంగారు బల్లి ఏమైందంటారా? కథలన్నీ వెళ్ళే కంచికే వెళ్ళుంటుంది.

ఇదమ్మా సంగతి: ఇల్లు ఎంత ఎత్తున్నా దాని గొప్పతనం, లోపలికి వచ్చి కూర్చుని మనసులో మాట చెప్పుకోగలిగిన మనుషుల వల్లే.