కొంగలు కురిపించిన రాళ్లు

అనగనగా, రెండు కొండల నడుమ ఒక అడవి ఉండేదర్రా. అక్కడ మద్దిచెట్ల మీద కొంగలు గూళ్లు కట్టుకునేవి. వాగుకు అవతల మట్టిగట్టు నిండా ముంగిసల బొరియలు.

ఒకనాడు తెల్లమ్మ అనే కొంగ పిల్లల కోసం చేప పట్టుకుని వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. కింద ఈకలు, నెత్తురు. పక్క కొమ్మ మీది ఉడుత చెప్పింది.

"మొండితోక ముంగిస వచ్చాడు తెల్లమ్మా. ఎంత అరిచినా ఆగలేదు."

తెల్లమ్మ నోట్లోని చేప జారి పడిపోయింది.

కొంగల దొర అందరినీ పిలిచాడు. "రాళ్లు ఎత్తండి. ఆ గట్టంతా కూల్చేద్దాం."

"చేసింది మొండితోక ఒక్కడే కదా దొరా?" అంది ఒక ముసలి కొంగ.

"వాడు ఏ బొరియలో దూరాడో వెతుక్కుంటూ కూర్చోవాలా? వాళ్లందరికీ తెలిసిరావాలి. ఏమంటావు తెల్లమ్మా? కడుపుకోత నీది. నువ్వు ఊ అంటే బయల్దేరతాం."

తెల్లమ్మ కళ్ల ముందు ఖాళీ గూడే ఉంది. "ఊ" అంది.

కొంగలు ఆకాశాన్ని కమ్మేశాయి. ఒకసారి రాళ్లు కురిపించాయి. వాగులోంచి ఇంకా తెచ్చి మళ్లీ కురిపించాయి. తెల్లమ్మ కూడా రాళ్లు వదిలింది. అంత ఎత్తు నుంచి ఎవరి ముఖమూ కనిపించలేదు. మూడోసారికి కింద అరుపులు ఆగిపోయాయి. తెల్లమ్మ గబగబా కిందికి దిగింది.

కూలిన బొరియ దగ్గర పసిడి అనే తల్లి ముంగిస గోళ్లతో మట్టి తవ్వుతోంది. ఒక్కో పిల్లనూ తీసి పడుకోబెడుతోంది. ఏదీ కదలడం లేదు.

"మొండితోక ఏడి?" అని తెల్లమ్మ మెల్లగా అడిగింది.

పసిడి తలెత్తింది. "వాడు చేసింది తెలిసి మేమే పట్టుకున్నాం. మీకు అప్పగిద్దామని మా పెద్దలు తీగలతో కట్టి తీసుకొస్తున్నారు. ఇంతలో రాళ్లు పడ్డాయి. పెద్దలు చచ్చిపోయారు. వాడు పారిపోయాడు."

తెల్లమ్మ దొర దగ్గరికి ఎగిరి వెళ్లింది. "వాణ్ణి వెతకాలి దొరా!"

"ఇక ఎందుకులే. వాళ్లకు బుద్ధొచ్చింది."

"ఎవరికి? కళ్లు తెరవని పసివాళ్లకా?"

తెల్లమ్మ ఒక్కతే బయల్దేరింది. పసిడి కూడా వచ్చింది. పసిడి నేల మీద వాసన పట్టింది, తెల్లమ్మ పైనుంచి చూసింది. చివరికి మొండితోక వెదురు పొదలో దొరికాడు. కొంగలూ ముంగిసలూ కలిసి కూర్చుని, ఉడుత సాక్ష్యం విని, వాణ్ణి అడవి నుంచి వెళ్లగొట్టాయి.

అప్పుడు పసిడి లేచి నిలబడింది. "నీ పిల్లల్ని చంపినవాడికి శిక్ష పడింది. నా పిల్లల్ని చంపినవాళ్లకో?"

"అది యుద్ధం" అన్నాడు దొర.

"కాదు దొరా. రాళ్లు వేయమన్నది మీరు. ఊ అన్నది నేను. వేసిందీ నేనే. మనిద్దరం జవాబు చెప్పాలి" అంది తెల్లమ్మ.

దొర ఎగిరిపోయాడు. తెల్లమ్మ కదల్లేదు.

ముంగిసలు ఆమె రెక్కల ఈకలు పీకేశాయి. అవి మళ్లీ మొలిచేదాకా గట్టు మీదే ఉండి, కూలిన బొరియలు ముక్కుతో తవ్వమన్నాయి. తెల్లమ్మ తవ్వింది. అది చూసిన కొంగలు, తర్వాత దొర మళ్లీ రాళ్లెత్తమన్నా ఒక్క రాయీ ఎత్తలేదు.

ఒకరోజు పైన రెక్కల చప్పుడు వినిపించింది. బతికి మిగిలిన ముంగిస పిల్లలు బొరియల్లోకి దూకాయి. తెల్లమ్మ కూడా తల వంచుకుని బొరియ గుమ్మంలో ముడుచుకుపోయింది. తీరా చూస్తే ఎగిరింది చిలకల గుంపే!

"పోయాయా?" అని అడిగింది ఒక పిల్ల.

"పోయాయి తల్లీ" అంది తెల్లమ్మ.

పసిడి ఆమెను క్షమించలేదు. కానీ కాస్త పక్కకు జరిగి, బొరియ లోపల ఆమెకు చోటిచ్చింది.

నీతి: తప్పు చేసినవాణ్ణి వెతికి పట్టుకుని శిక్షించాలి. వాడి పేరు చెప్పి ఏ పాపం ఎరుగనివాళ్లను చంపితే, ఆ నేరానికి మనమే జవాబు చెప్పాలి.