మూడో ఏటి కట్ట

ప్రపంచ పోటీలకి ఎంపికైన రోజు రాత్రి కనకానికి నిద్ర పట్టలేదు. సంతోషం కాబోలనుకున్నారు ఇంట్లోవాళ్ళు. మర్నాడూ పట్టలేదు. తర్వాత అన్నం సయించడం మానేసింది. పోటీలు జరిగే బుసాన్‌కి విమానం ఇంకో వారంలో ఉందనగా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ముక్కలు కలుపుతుంటే జారి కింద పడుతున్నాయి. ఇరవై మూడేళ్ళ పిల్ల, పోర్టు ఆఫీసులో మగవాళ్ళందరికీ ఎదురు సమాధానం చెప్పే పిల్ల, పడిన ముక్కలు ఏరుకుంటూ నేల మీద కూర్చుని ఏడ్చింది.

ఆమె ఆడే ఆట పేరు ఏడు ద్వీపాలు. అది పేకాట కాదని కనకం ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళమ్మకి మాత్రం ఎక్కలేదు. బొమ్మల ముక్కలు పొట్లాల్లో అమ్ముతారు. పొట్లం విప్పేదాకా లోపల ఏముందో తెలియదు. వచ్చినవి దాచుకుని, లేనివి మరొకరితో మార్చుకుని, ఎవరి కట్ట వాళ్ళు తయారుచేసుకోవాలి. ఓడలూ, తుఫానులూ, కెరటాలూ, లంగర్లూ, దీపస్తంభాలూ ఉంటాయి అందులో. ఎదుటివాడి ద్వీపాలన్నీ ముంచేస్తే గెలిచినట్టు. ఏటా ప్రపంచ పోటీలు జరుగుతాయి. గెలిచినవాడి బొమ్మతో మరుసటి ఏడు ఒక ముక్క అచ్చువేస్తారు. రెండోవాడికి ఏమీ ఉండదు.

విశాఖపట్నంలో ఆ ఆట నేర్పేది సన్యాసిరావు మాస్టారు ఒక్కరే. పేరుకే సన్యాసి. ఇంట్లో ఇద్దరు కూతుళ్ళు, ఇల్లు పీకి పందిరేసే మనవలు, మధ్యాహ్నం చేపల పులుసు లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. వయసులో ఉండగా ఓడలకి సరుకులు వేసే దుకాణంలో పనిచేసేవారు. అక్కడ నావికుల దగ్గర నేర్చుకున్నారు ఆట. అది ఎంతగా వంటబట్టిందంటే, ప్రపంచ పోటీలు మొదలైన మూడో ఏట రోటర్‌డామ్‌లో ఫైనల్ దాకా వెళ్ళారు. ఓడిపోయి తిరిగొచ్చారు. మళ్ళీ దేశం దాటలేదు. మహారాణిపేటలో తన మేడ మీద ఆదివారాలు పిల్లలకి నేర్పుతూ ఉండిపోయారు.

ఆ మేడ మీద రెండే నియమాలు. ఆట మొదలుపెట్టేముందు నీ కట్ట కలిపి, రెండు చేతులా ఎదుటివాళ్ళకి అందించాలి. వాళ్ళు కట్ చేసి ఇస్తేనే ఆట. ఇది ప్రపంచమంతా ఉన్నదే. రెండోది మాత్రం ఆయన సొంతం. ఓడిపోయాక కట్టలో తర్వాతి ముక్క తిప్పి చూడకూడదు.

ఆడేవాళ్ళకి తెలుసు, ఇది ఎంత కష్టమో. ఓడినవాడు మొట్టమొదట చేసే పని అదే. ఇంకొక్క ముక్క వచ్చుంటే గెలిచేవాడినా అని తిప్పి చూస్తాడు. చూసి ఆ రోజంతా కుమిలిపోతాడు. మాస్టారి ముందు ఎవరూ చూడరు. కనకం కూడా ఆయన ముందు ఎప్పుడూ చూడలేదు. మెట్లు దిగాక, వీధి మలుపులో నిలబడి చూసేది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎంపికయ్యాక ఆమెకి కొత్త యావ పట్టుకుంది. ఇన్నేళ్ళ ప్రపంచ పోటీల ఫైనళ్ళూ కూర్చుని చూసింది. వీడియో ఉన్నవి వీడియోలో, లేనివి పాత పత్రికల్లో. ఒక్కో ఏడు ఎవరు ఎక్కడ తప్పు చేసి ఓడారో నోటికి వచ్చేదాకా చదివింది. మొదటి ఏడు గెలిచాననుకుని ముందే లేచి నిలబడినవాడు ఓడాడు. రెండో ఏడు తుఫాను ముక్కని పొదుపుగా దాచుకున్న అమ్మాయి, అది చేతిలో ఉండగానే మునిగిపోయింది. నాలుగో ఏడు తుఫానుని తొందరపడి వాడినవాడు ఓడాడు. లిస్బన్‌లో ఒకడు ఆలోచిస్తూ ఆలోచిస్తూ గడియారానికి ఓడిపోయాడు.

అవన్నీ తెలిస్తే ధైర్యం వస్తుందనుకుంది. జరిగింది వేరు. ఇప్పుడు ఏ ముక్క మీద చెయ్యి వేసినా, ఆ ముక్క ఆడి ఓడినవాడి మొహం కనిపిస్తోంది. దాన్ని వదిలి రెండోది పట్టుకుంటే ఇంకొకరి మొహం. పోయిన ఆదివారం గెలుపు చేతిలో పెట్టుకుని కూడా ముక్క వెయ్యలేక, గడియారం మోగేదాకా అలా కూర్చుండిపోయింది. ఎదురుగా ఆడుతున్న ఇంజినీరింగ్ కుర్రాడు తనే భయపడిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ రోజు గురువారం. ఐదింటిలోగా రానని నిర్వాహకులకి మెసేజ్ పెడితే ఆమె చోటు తర్వాతి ఆటగాడికి ఇస్తారు. మెసేజ్ టైపు చేసే ఉంది. పంపడమే తరువాయి. పంపేముందు ఒక్కసారి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఏడేళ్ళు నేర్పిన మనిషికి మొహం చూపించకుండా తప్పుకోవడానికి మనసొప్పలేదు.

పైన ఆయన ఒక్కరే ఉన్నారు. వాన వచ్చేలా ఉందని కిటికీ తలుపులు మూస్తున్నారు. కనకాన్ని చూసి, కళ్ళ కింద నలుపు చూసి, కుర్చీ జరిపారు.

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. మెసేజ్ తెరిచే ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చదివి, ఫోను మళ్ళీ ఆమె వైపే జరిపారు.

చెప్పడం మొదలుపెడితే కనకానికి మాట ఆగలేదు. నిద్ర గురించి, చేతుల గురించి, మొహాల గురించి అంతా చెప్పేసింది. బుసాన్‌లో అందరూ చూస్తుండగా ఇలాగే రాయిలా కూర్చుండిపోతానేమో అంది. ఆ తర్వాత తనది కూడా ఒక తప్పుగా రాసి పెడతారు, ఎప్పటికో ఎవరో ఒక పిల్ల దాన్ని చదివి భయపడుతుంది, అంది. చివరికి అసలు వచ్చిన పని బయటపెట్టింది.

"మీ ఫైనల్ గురించి చెప్పండి మాస్టారూ. అన్ని ఏళ్ళవీ తెలుసు నాకు. మూడో ఏటిది ఒక్కటే తెలీదు."

నిజమే. ఆ ఏడు వీడియో ఎక్కడా దొరకదు. ఒక పత్రికలో మాత్రం, విశాఖ ఆటగాడు చివరి ఎత్తులో తప్పు చేశాడని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఏం తప్పో రాయలేదు. ఆయన్ని అడిగే ధైర్యం ఇన్నేళ్ళలో ఎవరికీ లేకపోయింది.

"తెలిస్తే ఏటవుద్ది?" అన్నారు మాస్టారు.

"అన్నీ తెలిసినట్టవుతుంది. అప్పుడిక భయం ఉండదండి."

ఆయన లేచి, అలమరలో పాత దుప్పట్ల వెనక చెయ్యి పెట్టి బిస్కెట్ డబ్బా ఒకటి తీశారు. మూత బిగుసుకుపోయి ఉంది. చెంచా కాడతో తెరిచారు. లోపల నూలు దారంతో కట్టిన ముక్కల కట్ట, పక్కన విడిగా కొన్ని ముక్కలు.

విడి ముక్కలు బల్ల మీద ఒక్కొక్కటే పేర్చారు. ఇది నా చివరి ద్వీపం, ఈ డబ్బా మూత ఎదుటివాడి చివరి ద్వీపం అనుకో, చెంచా ఉన్నచోట అతనివి రెండు ఓడలు, అంటూ చూపించారు. చేతిలో మిగిలినవి రెండు ముక్కలు. ఒకటి లంగరు. రెండోది కెరటం.

"నా కుర్చీలో నువ్వు కూర్చో. ఏది ఆడతావు?"

కనకం చూసింది. లంగరు వేస్తే తన ద్వీపం ఈ ఒక్క దెబ్బకి నిలబడుతుంది, ఎదుటివాడి దగ్గర తుఫాను లేకపోతే. కెరటం వేస్తే కట్టలోంచి ఒక ముక్క తీయవచ్చు. అది దీపస్తంభమైతే అక్కడికక్కడే గెలుపు. మరేదైనా అయితే అక్కడికక్కడే మునక. కింద వీధిలో బజ్జీల బండివాడు గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

చివరికి వేలు లంగరు మీద పెట్టింది.

"నేనూ అదే ఆడాను," అన్నారు మాస్టారు. "అతని దగ్గర తుఫానుంది."

అంతే. ఫైనల్ అయిపోయింది. కనకానికి ఇప్పుడే తనే ఓడినట్టనిపించింది.

"అయితే కెరటం ఆడాల్సిందాండీ?"

"ఏమో."

"దీపస్తంభం కట్టలో ఉందా?"

"ఉండాలి. ఒకటి పెట్టుకున్నాను."

ఆమె కళ్ళు దారం కట్టిన కట్ట మీదికి వెళ్ళాయి. అప్పుడు అర్థమైంది అదేమిటో.

"ఇది ఆ రోజుదేనా?"

"అదే. అక్కడే దారం అడిగి కట్టేశాను. మళ్ళీ కలపలేదు. ఆ రోజెలాగుందో అలాగే ఉంది."

"పైముక్క చూశారా?"

ఆయన లేదన్నట్టు తలూపారు.

ఇన్నేళ్ళూ ఎలా ఉండగలిగారని అడిగింది కనకం. వీధి మలుపు దాకా కూడా ఆగలేని పిల్ల అది.

"మొదట్లో, దీపస్తంభం ఉంటాదేమోనని భయం," అన్నారు మాస్టారు. "కొన్నేళ్ళు పోయాక, ఉండదేమోనని భయం."

ఆయన దారం ముడి విప్పారు. ముక్కలు కొద్దిగా పసుపెక్కాయి. కట్టని ఆమె ముందుకు జరిపారు.

"నీకు కావలసింది అదే కదా. చూడు."

కనకం చెయ్యి చాపింది. వేలు పైముక్క అంచు దాకా వెళ్ళింది. కాస్త ఎత్తితే చాలు, ఆమెకి తెలియని ఏడంటూ ఉండదు. మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. చూడనట్టే ఉన్నారు గానీ, ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం ఆమెకి కనిపించింది. ముక్క ఏదైనా సరే, అది తిప్పాక అటువైపు కూర్చున్న మనిషి మునుపటి మనిషిగా ఉండడు. తన భయం ఎంతదో ఆమెకి తెలుసు. ఆయనది దానికంటే పాతది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నావల్ల కాదండి."

మాస్టారు ఇటు తిరిగారు. కోప్పడలేదు, మెచ్చుకోలేదు. బల్ల మీది విడి ముక్కలు, లంగరునీ కెరటాన్నీ కూడా ఏరి, కట్ట మీద పెట్టారు. కట్టని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. చాలాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయారు. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ఏడేళ్ళలో ఆ చేతులు వణకడం ఆమె చూడలేదు.

అప్పుడు ఆయన కట్టని సగానికి విడదీసి, కలపడం మొదలుపెట్టారు.

"మాస్టారూ," అంది కనకం, కుర్చీలోంచి సగం లేచి.

ఆయన ఆగలేదు. పిల్లలకి నేర్పినట్టే, తొందర లేకుండా, ఒకసారి, మళ్ళీ ఒకసారి, మళ్ళీ. పాత ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోయి చిరచిరలాడాయి. రోటర్‌డామ్‌లో పైనున్న ముక్క ఎటో వెళ్ళిపోయింది. అదేమిటో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలియదు. కనకానికి ఏడుపొచ్చింది. ఎవరో పోయినట్టే ఏడ్చింది. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి గానీ చేతులు మాత్రం కలుపుతూనే ఉన్నాయి.

కలపడం అయ్యాక అంచులు సరిచేశారు. కట్టని రెండు చేతులా ఆమెకి అందించారు.

"కట్ చెయ్యమ్మా."

కనకం పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ కట్ట మీద చెయ్యి వెయ్యడానికి ఎంతో సేపు పట్టింది. కట్ చేసి, కింది సగం పైన పెట్టి, తిరిగిచ్చింది. ఆయన కట్టని తన ముందు పెట్టుకుని, ఆమె కేసి చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు ఎవరి వంతో ఆ మేడ మీద నేర్చుకున్నవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె సంచిలోంచి తన కట్ట తీసింది. కలపబోతే రెండు ముక్కలు జారి నేల మీద పడ్డాయి. ఏరుకుంది. మళ్ళీ కలిపింది. రెండు చేతులా అందించింది. ఆయన కట్ చేసి ఇచ్చారు.

బల్ల మీద ఫోను ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఐదు కావస్తున్నట్టుంది. కనకం దానికేసి చూసింది. తర్వాత తన కట్ట కేసి చూసింది. చెయ్యి పైముక్క మీద పెట్టి, అక్కడే ఆగిపోయింది.

"భయం పోలేదండి," అంది.

"నాకూ పోలేదమ్మా," అన్నారు మాస్టారు. "ముక్క తియ్యి."