మెరుగులమ్మ తుడుపు సేవ

గోదావరి ఉత్తరపు ఒడ్డున, టేకు అడవి పలచబడి నల్లరేగడి చేలు మొదలయ్యే చోట తుడుపుగట్టు అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగి అవిసె చేల మధ్య పావుగంట నడిస్తే గట్టు మీద మెరుగులమ్మ తల్లి ఆలయం కనిపిస్తుంది. గోపురం లేదు. రాతి గోడలు, పెంకుల కప్పు, నాలుగు వైపులా గాలి ఆడే కిటికీలు ఉంటాయి. గర్భగుడిలో నిలువెత్తు టేకు విగ్రహం ఉంది. మొదటిసారి చూసినవారు ఇత్తడి విగ్రహమని పొరబడతారు. దగ్గరికి వెళ్ళి చెక్కలోని గీతలు చూశాక గాని నమ్మరు.

ద్వారం దగ్గర ఉన్న బోర్డు చూసి చాలామంది భక్తులు నొచ్చుకుంటారు. నువ్వుల నూనె, ఆముదం, నెయ్యి, పాలు లోపలికి తేరాదని దాని మీద రాసి ఉంటుంది. ఆ మధ్య గుంటూరు నుంచి వచ్చిన ఒక ఆసామి రెండు లీటర్ల గానుగ నూనె డబ్బా చంకన పెట్టుకొని, "ఇదేం గుడండీ బాబూ, అమ్మవారికి నూనె వద్దనడమేంటండీ?" అని ఈ గుడి పనులు చూసుకునే నాతోనే తగాదా పడ్డాడు. ఆయనను కూర్చోబెట్టి కథ చెప్పాను. కథ అయ్యేసరికి డబ్బా గుమ్మం బయట వదిలేసి, చొక్కా చేతులు మడిచి తుడుపు వరుసలో నిలబడ్డాడు. వచ్చిన ప్రతివారినీ అలా కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు తగ్గింది కనుక ఈ చిన్న పుస్తకం రాశాను. బుద్ధి పెట్టి చదవండి, ఆ తర్వాతే లోపలికి రండి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, అడవి మాత్రమే ఉండేది. బీరయ్య అనే బర్రెల కాపరి గట్టు కింద మందను మేపుకొనేవాడు. ఒక వానాకాలం గోదావరి పొంగి తగ్గాక, అతని ముసలి బర్రె ఒకటి నీళ్ళలో దిగి మూడు రోజులు బయటికి రాలేదు. తిట్టినా, బతిమాలినా కదలలేదు. బీరయ్య ఈదుకుంటూ వెళ్ళి చూస్తే అది ఒక టేకు దుంగకు ఒళ్ళు ఆనించి నిలబడి ఉంది. దుంగను తాడు కట్టి లాగితే బర్రె దాని వెంటే ఒడ్డుకు వచ్చింది. ఆ దుంగలో అమ్మ ఉన్నదని బీరయ్యకు తోచింది. అతడు పక్క ఊరి వడ్రంగి సర్వోజును పిలుచుకు వచ్చాడు.

సర్వోజు ఏడాది పాటు ఆ దుంగను చెక్కాడు. చేతులు, ఆయుధాలు, చీర కుచ్చెళ్ళు అయ్యాక ముఖానికి మూడు నెలలు తీసుకున్నాడట. ఆ ముఖంలోని చల్లదనం చూసి చుట్టుపక్కల ఊళ్ళవారు వచ్చి గట్టు మీదే ఇళ్ళు కట్టుకున్నారు. అయితే చెక్కడం పూర్తయింది గాని మెరుగు పెట్టడం కాలేదు. అంతలోనే సర్వోజు జ్వరం వచ్చి కన్నుమూశాడు. విగ్రహాన్ని పచ్చి చెక్కగానే నిలబెట్టారు.

ఇక ఊరి వాళ్ళ ప్రేమ మొదలైంది. తల్లి ఒళ్ళు పొడిబారిందని ఒకరు నువ్వుల నూనె పట్టించారు. వేసవి వేడి అని ఇంకొకరు ఆముదం రాశారు. పాడి ఉన్న ఇల్లు నెయ్యి తెచ్చింది. పండగకు పూసేవారు కాస్తా పూటపూటా పూయసాగారు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. ఆ నూనెలు ఎంతకాలమైనా ఆరేవి కావు. వాటి మీద దుమ్ము, పసుపు, కుంకుమ, దీపాల మసి అట్టలు కట్టాయి. చీమలు బారులు తీరాయి, ఎలుకలు నెయ్యి నాకి విగ్రహం మడమలు కొరికాయి. సర్వోజు మూడు నెలలు చెక్కిన ముఖం ఎవరికీ కనబడకుండా పోయింది. దీన్ని అపచారమని ఎవరూ అనుకోలేదు, అందరూ సేవ అనే అనుకున్నారు. నా మాట కటువుగా ఉంటే క్షమించండి గాని, భక్తి వల్ల దేవుళ్ళకు జరిగే కష్టం ఇలాగే ఉంటుంది.

ఆ ప్రాంతాన్ని ఏలే ముకుందరాయలు ఒక ఫాల్గుణ పౌర్ణమి నాడు దర్శనానికి వచ్చాడు. నమస్కరించి పాదాలు తాకితే అతని చేయి అతుక్కుంది. లాగితే జిడ్డు తీగలా సాగింది. ఆ జిడ్డులో చచ్చిన బొద్దింక ఒకటి అరచేతికి అంటుకు వచ్చింది.

"ఇందులో తల్లి ఎప్పుడో వెళ్ళిపోయింది. చైత్ర పౌర్ణమికి ఈ మొద్దును గోదావరిలో విడవండి. నేను రాయి తెప్పించి కొత్త విగ్రహం చెక్కిస్తాను" అని ఉత్తర్వు ఇచ్చాడు.

పూజారి ఓదెలుతో సహా అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు ఒక స్త్రీ ముందుకు వచ్చింది. ఆమె సర్వోజు కూతురు లసుమవ్వ. తండ్రి పోయాక ఆయన ఉలి, బాడిస పట్టుకొని ఊరికి నాగళ్ళూ బండి చక్రాలూ చేసిపెడుతున్నది ఆమే.

"దొరా, మా అయ్య చెక్కిన మొఖం ఆ జిడ్డు కిందనే ఉన్నది. యాడికి పోలే. నాకు గా చైత్ర పున్నం దాంక యాల ఇయ్యుండ్రి, తీసి సూపిస్త" అని ఆమె చేతులు జోడించింది.

"ఆనాడు నా పంచె కొంగుతో తల్లిని తల నుంచి పాదాల దాకా తుడుస్తాను. మరక అంటితే నా ఉత్తర్వు ఉత్తర్వే" అన్నాడు రాజు.

లసుమవ్వ పని మొదలుపెట్టింది. కుంకుడు రసం గోరువెచ్చగా చేసి, వెదురు బద్దతో పెచ్చులు గీకింది. ఇసుకలా గరుకుగా ఉండే బర్రెంక ఆకులతో రుద్దింది. పన్నెండో రోజున పెదవులు బయటపడ్డాయి. తండ్రి ఉలి గుర్తు ఇంకా ఆ పెదవి అంచున ఉంది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇక మెరుగు పెట్టాలి. తండ్రి బాడిస పిడి ఆమె చేతిలోనే ఉంది. ముప్పై ఏళ్ళ పిడి, నున్నగా మెరుస్తుంది, చేతికి చుక్క జిడ్డు అంటదు. దానికి తండ్రి అవిసె నూనె పట్టించేవాడని ఆమెకు తెలుసు. అవిసె నూనె గాలికి గట్టిపడి చెక్కలో కలిసిపోతుంది. ఓదెలు మాత్రం అడ్డుపడ్డాడు.

"ఎడ్లకు తాపే నూనె తల్లికి పెడ్తవా? జెర సోయి ఉండి మాట్లాడు" అన్నాడు.

"నువ్వుల నూనె పెట్టి ఇరవయ్యేండ్లు సూసినవు గద ఓదెలన్నా, ఇగ ఇది సూడు" అని లసుమవ్వ నూనె కుండ దించింది.

ఇక్కడే ఆమె కూడా ఊరి బిడ్డే అని నిరూపించుకుంది. బాడిస పిడికి రెండు చుక్కలు చాలని తెలిసిన మనిషి, తల్లి దగ్గరికి వచ్చేసరికి చేయి ఆపుకోలేకపోయింది. ఇరవై ఏళ్ళు బాధపడ్డ తల్లికి పిసినారిగా పూస్తామా అని దోసిళ్ళతో పోసింది. ఆ రోజు విగ్రహం అద్దంలా మెరిసింది. ఊరంతా సంబరపడింది. తొమ్మిది రోజులకు ఆ నూనె పైన పాల మీగడలా తొరక కట్టి ముడతలు పడింది. కింద ఇంకా పచ్చిగానే ఉంది. వేలు పెడితే లోపలికి దిగింది.

లసుమవ్వ ఆ తొరకంతా పాత గుడ్డలతో తుడిచి, గుడ్డలను గంపలో కుక్కి కొట్టం చూరు కింద పెట్టింది. మరునాటి మధ్యాహ్నం ఆ గంపలోంచి పొగ వచ్చింది. చుట్టుపక్కల పొయ్యి లేదు, దీపం లేదు. చూస్తుండగానే గుడ్డలు వాటంతట అవే భగ్గుమన్నాయి. కొట్టం సగం కాలింది, ఆమె తండ్రి పనిముట్ల పెట్టె బూడిదైంది. తల్లికి కోపం వచ్చిందని ఊరు గగ్గోలు పెట్టింది. ఎడ్ల నూనె పెట్టవద్దని చెప్పానని ఓదెలు అందరితోనూ అన్నాడు. గడువు ఇక ఏడు రోజులే మిగిలింది. నా చేతులతో నేనే తల్లిని నీళ్ళ పాలు చేశానని లసుమవ్వ గుండె పగిలిపోయింది.

ఆ ఎండలోనే గుడి గోడకు ఆనుకొని ఆమె సొమ్మసిల్లింది. కలలో ఒక పెద్ద ముత్తయిదువ కనిపించింది. చీర ఒంటికి అతుక్కొని, జుట్టంతా నూనె కారుతూ ఉంది.

"ఏందే లసుమవ్వా, ఊరు ఊరంత నాకు పూసుడే గాని తుడిశెటోళ్లు ఒక్కరు లేరా? నాకు ఊపిరి ఆడుతలేదు. నేను ఎంత తాగాల్నో అంత తాగిన. మిగిలింది తియ్యి" అని ఆమె చేయి చాచింది.

లసుమవ్వ ఉలిక్కిపడి లేచింది. అప్పుడు ఆమెకు నూనె సంగతి, నిప్పు సంగతి ఒకేసారి అర్థమయ్యాయి. ఈ నూనెలో వేడి దాగి ఉంది. ముద్దగా కుక్కితే కాలుతుంది, పలచగా పరిస్తే ఆరుతుంది. తల్లి కోపగించలేదు, పని నేర్పింది.

ఆరోజే ఆమె అవిసె నూనెను సన్నని సెగ మీద చాలాసేపు కాచింది. నాలుగు పాళ్ళ నూనెకు ఒక పాలు గుగ్గిలం పొడి వేసి, కరిగేదాకా కర్రతో కలిపింది. చల్లార్చి గుడ్డలో వడకట్టింది. ఆ మిశ్రమాన్ని చిన్న గుడ్డ ముక్కకు అద్ది విగ్రహమంతా పలచగా పాముకొచ్చింది. ఒక గడియ ఆగింది. తర్వాత పొడి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా మడతల్లో, కుచ్చెళ్ళ సందుల్లో నూనె ఊరుతూనే ఉంది. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

ఆమె గట్టు మీదికి ఎక్కి కేక వేసింది. "ఇండ్లల్ల పాత చీరలు ఉంటే ఉతికి పట్టుకొని రాండ్రి! పూసింది మీరే, తుడిశేది గూడ మీరే!"

మొదట బీరయ్య ఇంటి ఆడవాళ్ళు వచ్చారు. తర్వాత కుమ్మరి వాళ్ళు, చాకలి వాళ్ళు, అంతవరకు గుడి గడప తొక్కనివ్వని మాల మాదిగ వాడల వాళ్ళు వచ్చారు. లసుమవ్వ ఎవరినీ కులం అడగలేదు, గుడ్డ శుభ్రంగా ఉందా అని మాత్రమే అడిగింది. గుడ్డ పొడిగా బయటికి వచ్చేదాకా తుడిచారు. తుడిచిన గుడ్డలను కుప్ప వేయకుండా గట్టు బండల మీద ఒక్కొక్కటిగా పరిచారు. ఆ వారం గట్టంతా రంగు రంగుల గుడ్డలే. దూరం నుంచి చూసినవారు తుడుపుగట్టు అన్నారు, ఆ పేరే ఊరికి నిలిచింది. నాలుగో రోజున ఓదెలు కూడా తన పట్టు ఉత్తరీయం చింపుకొని వచ్చాడు. పట్టు నూనె పీల్చదని లసుమవ్వ అతన్ని వెనక్కి పంపింది. పాపం, ఇంటికి పోయి నూలు పంచె తెచ్చుకున్నాడు.

ఆరు రోజులు ఆరు తుడుపులు అయ్యాయి. ఏడో రోజు మిశ్రమంలో కొంచెం తేనె మైనం కరిగించి చివరి పూత పూసి తుడిచారు. మరునాడు చైత్ర పౌర్ణమి. విగ్రహాన్ని ఏటికి మోయడానికి బోయీలు, రాతి దిమ్మ వేసుకున్న ఎడ్లబండి, వాటి వెనుక ముకుందరాయలు గట్టు మీదికి వచ్చారు.

రాజు గర్భగుడిలోకి వచ్చి నిలబడిపోయాడు. సర్వోజు చెక్కిన ముఖం అతని వైపు చల్లగా చూస్తోంది. అయినా మాట మాటే కనుక, తెల్లని పంచె కొంగు విప్పి తల్లి నుదుటి నుంచి పాదాల దాకా గట్టిగా అదిమి తుడిచాడు. రాజు కొంగు చూసుకొని, నమ్మలేక, కుచ్చెళ్ళ సందుల్లో మళ్ళీ తుడిచాడు. కొంగును వెలుతురుకు ఎత్తి చూపాడు. అది మల్లెపువ్వంత తెల్లగా ఉంది!

గట్టు దద్దరిల్లింది. డప్పులు మోగాయి. ఎవరో గోదావరి నీళ్ళు తల్లి మీద పోస్తే, చామ ఆకు మీద నీళ్ళలా ముత్యాలై జారిపోయాయి. మెరుగులమ్మా అని మొదట అరిచింది రాజే అని చెబుతారు. రాతి దిమ్మను ప్రాంగణంలోనే దింపి బోయీలు నమస్కరించారు.

"అమ్మా, నా ఉత్తర్వు రద్దు చేస్తున్నాను" అన్నాడు రాజు.

లసుమవ్వ తల అడ్డంగా ఊపింది. "వద్దు దొరా, ఉండనీయుండ్రి. భయం లేకుంటే మావోళ్లు ప్రేమ ఆపుకోలేరు. ఎన్నటికైనా మల్ల కుమ్మరిస్తరు. ఏడాదికొక్కసారి గిట్లనే తుడిశి సూడుండ్రి. మరక అంటిన ఏడాది తల్లిని గంగల కలుపుండ్రి."

రాజు అలాగేనన్నాడు.

నేటికీ ప్రతి చైత్రంలో పౌర్ణమికి ముందు ఏడు రోజులు తుడుపు సేవ జరుగుతుంది. వడ్రంగులు నూనె కాస్తారు, లసుమవ్వ వంశపు ఆడపడుచు పూత పూస్తుంది, వచ్చిన భక్తులంతా తుడుస్తారు. ఉతికిన నూలు గుడ్డ దేవస్థానమే ఇస్తుంది. తుడిచాక దాన్ని గట్టు మీద విడిగా పరిచి ఆరబెట్టాలి, ముద్ద చేసి ఎక్కడా పడేయరాదు. ఈ సేవ చేసినవారి ఇంట పనిముట్టు విరగదని, కీళ్ళ నొప్పులు తగ్గుతాయని, ఇంట్లో మాట పట్టింపులు తొలగుతాయని నమ్మకం. కొత్తగా పని మొదలుపెట్టే వడ్రంగులు మొదటి పిడిని తల్లి ముందే మెరుగు పెట్టుకుంటారు. ప్రాంగణంలోని రాతి దిమ్మ చెక్కకుండా అలాగే ఉంది. భక్తులు దాని మీద కూర్చొని ప్రసాదం తింటారు.

పౌర్ణమి మధ్యాహ్నం మాత్రం డప్పులు ఆపుతారు. ఆడపడుచు తెల్లని నూలు గుడ్డతో తల్లిని నుదుటి నుంచి పాదాల దాకా తుడుస్తుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆ కాసేపూ నా గుండె నా చేతిలో ఉండదు. ఎందుకంటే ఆ ఉత్తర్వును ఇంతవరకు ఎవరూ రద్దు చేయలేదు, బోయీల వంశంవారు నలుగురు ఈనాటికీ భుజాన తువ్వాలు వేసుకొని గుమ్మంలో నిలబడే ఉంటారు. ఆడపడుచు గుడ్డను రెండు చేతులా ఎత్తి జనానికి చూపిస్తుంది. అది తెల్లగా ఉంటుంది. బోయీలు నలుగురూ మోకాళ్ళ మీద కూలబడి నవ్వుతూ ఏడుస్తారు, మేమంతా గొంతులు పోయేలా జై కొడతాం, తల్లి మరో ఏడాది మా ఊళ్ళోనే ఉండిపోతుంది.