ఎటేపు ఒరిగింది?

మెదడుకు చిత్రాలు తీసే మా ప్రయోగశాలలో చిదంబరరావు మాస్టారు, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. ఆయన శిష్యురాలు హైమవతికి ఆ సంగతి తెలుసు. అయినా ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది. మనిషి చూస్తున్న గీత కుడికి వాలిందో ఎడమకు వాలిందో, అతను నోరు విప్పకుండానే, తల వెనక భాగంలో రక్తం కదలికను బట్టి మన కంప్యూటర్ చెప్పేస్తోంది. మరి అతను చూస్తున్నది మనమూ చూసినట్టేనా?

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, బోర్డుల సింహాచలం సంగతి ఎత్తుకున్నారు.

సింహాచలం దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పెళ్ళాం నూకాలు పోయిన మూడేళ్ళకు అతని చూపూ పోయింది. చూపు లేనివాళ్ళు ఊహించుకునే గీతల మీద ఇక్కడ ప్రయోగం జరుగుతోందని విని, పక్కింటాయన చెయ్యి పట్టుకుని వచ్చాడు.

"బాబూ, నా బుర్రలో బొమ్మ మీ మిషన్‌కి కనిపిస్తాదా?"

"బొమ్మ కనపడదయ్యా. గీత ఎటు వాలిందో మాత్రం తెలుస్తుంది."

"నాకు కావాల్సింది అదే."

అతను ఇంటి ముందు కూర్చుని బోర్డు రాస్తుంటే, నూకాలు వీధి కుళాయి నుంచి బిందె చంకన పెట్టుకొచ్చి, అతనికి ఎదురుగా, బరువుకు రెండో పక్కకు ఒరిగి నిలబడి, రంగు ఆరని అక్షరాలను చూసేదట. చదువు రాదు, అయినా చూసేది. చూపు పోయిన పదకొండేళ్ళలో అతనికి ఆమె ముఖం చెరిగిపోయింది, చీరల రంగులు చెరిగిపోయాయి. ఆ ఒరిగి నిలబడటం ఒక్కటే మిగిలింది, అదీ ఎటువైపో తెలియకుండా. దానికోసం మనిషి బెంగపెట్టుకుని చిక్కిపోయాడు.

యంత్రంలో పడుకోబెట్టి, చెవిలో 'కుడి', 'ఎడమ' అని వినిపిస్తూ, అటు వాలిన గీతను ఊహించుకోమన్నారు. గంటసేపు బుద్ధిగా ఊహించాడు. అతని మెదడు తీరును కంప్యూటర్ నేర్చుకుంది. చివరి ఐదు నిమిషాలు మాస్టారు ఏమీ వినిపించలేదు, నూకాలును తలుచుకొమ్మని వాటిని సింహాచలానికే వదిలేశారు. నిబంధనల్లో అలాంటిది లేదు కాబట్టి, ప్రయోగం పుస్తకంలో 'విశ్రాంతి' అని రాసుకున్నారు.

యంత్రంలోంచి బల్లను బయటికి లాగగానే, అతను లేచి కూర్చోనైనా లేదు.

"ఎటేపు ఒరిగింది బాబూ?"

తెర మీద నూటికి అరవై పాళ్ళు కుడి అనీ, నలభై ఎడమ అనీ ఉంది. అలాంటి లెక్కను ఏ పరిశోధన పత్రికా అచ్చు వెయ్యదు. మాస్టారు తటపటాయించి, "కుడి అంటోంది. కానీ గట్టిగా చెప్పలేం" అన్నారు. రెండో మాట అతని చెవిన పడనే లేదు.

"నాకు కుడేపంటే, దానికి ఎడమేపు. అవును బాబూ, బిందె కుడి చంకన ఎత్తేది! నల్ల గాజులు... ముక్కు మీద చెమట... అదుగో, నవ్వతంది" అంటూ ఆ బల్ల మీదే ఏడ్చేశాడు.

హైమవతిది పరిశోధకురాలి బుద్ధి, ఊరుకోదు కదా.

"అరవై పాళ్ళే కదా మాస్టారూ. ఒకవేళ ఎడమ అని వచ్చి ఉంటే?"

"అప్పుడూ వచ్చేదమ్మా ఆవిడ" అన్నారు మాస్టారు.