వీరాలు వేడి

ఊఁ కొడతామంటేనే చెబుతాను. మధ్యలో కునికారో, కథ ఏట్లో పడి కొట్టుకుపోతుంది. తరవాత నన్నడగొద్దు.

అనగా అనగా, మా తాత తాతకి కూడా ఎవరో చెప్పిన కాలంలో, గోదారి మధ్యన ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఒండ్రు నేల. ఏటా వరదొచ్చి చేలన్నీ ముంచేసేది. వరద తీశాక మళ్ళీ పంట చేతికొచ్చేదాకా లంకవాళ్ళని బతికించేది గుమ్మడికాయే. అటకమీద పెడితే నెలల తరబడి చెడదు కదా! ఒక్కో కాయ ఎంతుండేదనుకున్నారు? ఇద్దరు మనుషులు వెదురు కర్రకి కట్టి మోసేవాళ్ళు. ఒక కాయ కోస్తే వీధి వీధంతా అదే కూర.

అలాంటి కాయలు ఏడాదికేడాది చిక్కిపోయాయి. ఎందుకూ? లంకవాళ్ళ గొప్ప వల్ల! పెద్ద కాయ కాసిందంటే చాలు, పడవెక్కించి అవతలి గట్టున ఉన్న వియ్యాలవారికి పంపేవాళ్ళు. దాని తరవాతిది పండక్కి కోసేవాళ్ళు. ఎవరికీ పనికిరాని గిడసబారిన కాయ ఒకటి మిగిలేది, దాని గింజలు విత్తనానికి. పెద్దది వియ్యాలవారికి, మంచిది పండక్కి, గిడసది విత్తనానికి. ఇలా చెయ్యగా చెయ్యగా చివరికి కాయ చెంబంత అయింది. వరద తరవాత పిల్లలు ఆకలికి ఏడవడం మొదలుపెట్టారు. కొందరు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. ఇంకొక్క ఏడు ఇలాగే అయితే లంకలో పొయ్యి వెలిగించేవాళ్ళే ఉండరు.

ఆ లంకలో వీరాలు అనే ఆవిడ ఉండేది. ఇంటింటికీ తిరిగి నేలలు అలికి, పిడకలు చేసిపెట్టి బతికేది. ఆవిడకి జానెడు నేల లేదు. నా అన్నవాళ్ళు లేరు. ఉందో లేదో కూడా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆ ఏడు పెదకాపు గన్నెయ్య ఇంటి కప్పుమీద ఒకే ఒక్క కాయ, పాతకాలపు కాయలాగా, కప్పు కుంగేటట్టు ఎదిగింది. గన్నెయ్య మీసం మెలేసి వియ్యాలవారికి పంపడానికి పడవ మాట్లాడాడు. వీరాలు పేడచేతులు కడుక్కుని ఆయన ముందు నిలబడింది.

"పెదకాపుగారండీ, ఆ కాయ పంపకండి బాబూ. ఇక్కడే కొయ్యండి. కాయ మీది, గింజ నాది."

గన్నెయ్య పడీ పడీ నవ్వాడు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "కాయ మీది బాబూ, గింజ నాది."

"ఎల్లెహె! పోయి నీ అలుకుడు సూసుకో" అని విసుక్కున్నాడు.

మూడోనాడు మళ్ళీ వచ్చింది. "కాయ మీది బాబూ, గింజ నాది."

ఈసారి గన్నెయ్య కర్ర కోసం చూశాడు. అప్పుడు ఆయన భార్య మంగాయమ్మ గుమ్మంలోకొచ్చింది. "ఆ కాయ పంపితే అవతలి గట్టువాళ్ళు ఓ పూట మెచ్చుకుంటారు. వచ్చే ఏడు మన పిల్లలకి ఏం పెడదామనండీ?" అంది. గన్నెయ్య కర్ర వెతకడం మానేసి కత్తి తెచ్చాడు.

కాయ వీధంతా తిన్నారు. వీరాలు మాత్రం గింజల దగ్గర కూచుంది. బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసింది. లొత్తపడ్డ తాలు గింజలు పారేసింది. వంకరగా ఉన్నవీ పారేసింది. పొట్ట నిండుగా ఉన్నవి మూడు గుప్పెళ్ళు మిగిలాయి. వాటిని నీడన ఆరబెట్టి, బూడిద పట్టించి, పేడముద్దల్లో పొదిగి తన గుడిసె గోడకి కొట్టింది.

మరుసటి ఏడు వరద ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా తీసింది. దాని వెనకే ముసురు పట్టుకుంది. ఎండ మొహం చూపించదు. వీరాలు మొదటి గుప్పెడు గన్నెయ్య పెరటి పాదుల్లో పెట్టింది. చలికీ తడికీ కుళ్ళిపోయాయి. రెండో గుప్పెడు వెచ్చగా ఉంటుందని గడ్డివాములో దాచింది. ఎలకలు తినేశాయి. ఇక మూడో గుప్పెడే మిగిలింది. నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టింది. పొయ్యి పక్కన పెడితే ఉడికిపోతాయి, ఎడంగా పెడితే చల్లబడిపోతాయి. ఎక్కడ పెట్టాలో పాలుపోలేదు. ఈలోగా వానలో పాదులు తవ్వీ తవ్వీ ఆవిడకి జ్వరం తగులుకుంది.

మంగాయమ్మ జావ పట్టుకుని వెళ్ళి నుదుటిమీద చెయ్యేసింది. "ఒసే వీరాలూ, ఒళ్ళు పెనంలా కాలిపోతోందే!"

వీరాలు కళ్ళు విప్పింది. "కాలతందా అమ్మగారూ? అయితే ఆ మూట నా పొట్టమీద కట్టండి. ఇంత వేడి ఊరికే పోతంది."

"నీ గింజల పిచ్చి తగలెయ్య!" అని తిట్టి, కళ్ళు తుడుచుకుని, మంగాయమ్మ మూట కట్టింది.

మర్నాడు వీరాలు అడిగింది. "వచ్చిందా అమ్మగారూ?"

"ఇంకా లేదే. జావ తాగు."

ఆ మర్నాడు అడిగింది. "వచ్చిందా అమ్మగారూ?"

"గింజ ఉబ్బిందే. మొలక రాలేదు."

మూడోనాడు గొంతు పెగల్లేదు. పెదవులే కదిలాయి. "వచ్చిందా?"

"మూతి విచ్చుకుందే. ఇంకొంచెం ఓపిక పట్టు."

"వత్తాదిలెండి" అంది వీరాలు, మూటమీద రెండు చేతులూ వేసుకుని. అదే ఆఖరి మాట. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

స్నానం చేయించబోతూ మంగాయమ్మ మూట విప్పింది. ఒళ్ళు చల్లబడిపోయింది గానీ మూట ఇంకా గోరువెచ్చగానే ఉంది. లోపల ప్రతి గింజకీ తెల్లటి మొలక! మంగాయమ్మ వాటిని ఆవిడ మొహం దగ్గర పెట్టి, "వచ్చిందే వీరాలూ, ఒక్కసారి చూడవే" అని గొల్లుమంది. గన్నెయ్య తలపాగా తీసి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటికో మొలక పంచుకున్నారు. ఏ దేవుడు చూశాడో, ముసురు విడిచింది. తీగలు గట్లెక్కాయి, చెట్లెక్కాయి, కప్పులెక్కాయి. ఇక కాయలంటారా, గన్నెయ్య ఎద్దు ఒక కాయ చాటున పడుకుంటే లంకంతా వెతికారట. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. వెళ్ళిపోయినవాళ్ళు పడవలెక్కి తిరిగొచ్చారు. పిల్లలు కడుపునిండా తిని నిద్రపోయారు. వియ్యాలవారు తామే పడవ వేసుకొచ్చి పెద్ద కాయ అడిగితే గన్నెయ్య, "దాని తరవాతిది పట్టుకెళ్ళండి బావగారూ. ఇది వీరాలుది, విత్తనానికి" అన్నాడు. ఆ లంక ఆవిడకి ఎంత రుణపడిందో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ లంకలో ఇప్పటికీ గింజ నానేసే రోజుల్లో ఎవరికైనా జ్వరమొస్తే, ఇరుగుపొరుగు జావతో పాటు తడిగుడ్డ మూట కూడా పట్టుకొస్తారు. "కాస్త వీరాలు వేడి ఇస్తావా?" అని అడుగుతారు. ఎంత నీరసంలో ఉన్నా కాదన్నవాళ్ళు లేరు. మొలక రాగానే దాన్ని నేరుగా పాదు దగ్గరికి తీసుకెళ్ళరు. ముందు జ్వరమొచ్చిన మనిషిని లేపి కూచోబెట్టి, మొలక అరచేతిలో పెడతారు. "వచ్చింది, చూడు" అంటారు. ఆ మనిషి కళ్ళారా చూశాకే నేలలో పెడతారు.