బట్టమేక దిగని కంచ

నేను అనగా అనగా అంటాను, మీరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే కథ సగంలో ఆగిపోతుంది, తర్వాత నన్నని లాభం లేదు.

ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఒంట్లో ఓపిక తగ్గాక కిరీటం తప్ప ఉన్నదంతా పంచేశాడు. పెద్దవాడికి ఏటి ఒడ్డు మాగాణి, నడిపివాడికి మామిడి తోపులు. చిన్నవాడు మణికర్ణుడికి ఊరికి దూరంగా గడ్డి కంచ. కంచ అంటే తెలుసా? ఎవరూ దున్నని నేల. రాళ్ళు, గడ్డి, పైన ఆకాశం, అంతే. అన్నలిద్దరూ నవ్వుకున్నారు. మణికర్ణుడికి అదేం పట్టలేదు. తారావళి అనే రాకుమార్తెతో అతనికి లగ్నం కుదిరింది మరి. పెళ్ళి సంబరంలో ఉన్నవాడికి రాళ్ళేం కనబడతాయి.

ఆ తారావళిని తనకిమ్మని ధూమ్రకేశుడనే మాంత్రికుడు అంతకుముందే అడిగాడు. "నీ మొహం నాకు నచ్చలేదు" అని ఆమె ఉన్నమాట చెప్పేసింది. వాడది మనసులో పెట్టుకున్నాడు. పెళ్ళిపీటల మీద వధూవరులు కూర్చున్న వేళ పందిట్లోకొచ్చి గుప్పెడు బూడిద ఊదాడు. పీట మీద పిల్ల లేదు. పొడుగు మెడతో మేకంత ఎత్తు పిట్ట నిలబడి ఉంది. బట్టమేక పిట్ట అంటారు దాన్ని. జనాన్ని చూసి బెదిరి, రెక్కలు విదిలించుకుని ఎగిరిపోయింది.

"నీ సొంత నేల మీద, తనంతట తాను గూడు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ మనిషవుతుంది" అన్నాడు ధూమ్రకేశుడు మణికర్ణుడితో. "వల వేసినా, పట్టి తెచ్చినా, ఏ పిట్టకైనా నీ చేత్తో కీడు చేసినా, ఇక ఎప్పటికీ పిట్టే."

అని వాడు ఏడు సముద్రాల అవతలికి పోయాడు. మణికర్ణుడు కత్తి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టేసి, కంచకి వెళ్ళి గుడిసె వేసుకున్నాడు. ఒక్కడే. వండుకునేదీ ఒక్కడే, తినేదీ ఒక్కడే.

మొదట చెరువు తవ్వాడు. కొంగలొచ్చాయి, బాతులొచ్చాయి. బట్టమేక రాలేదు.

తర్వాత గొర్రెల మందల్ని తరిమేసి చుట్టూ ముళ్ళకంపలు వేశాడు. కాపరులు తిట్టుకుంటూ పోయారు. గడ్డి నిలువెత్తు పెరిగింది. పూరేళ్ళొచ్చాయి, పిచ్చుకలొచ్చాయి. బట్టమేక రాలేదు.

ఆ తర్వాత నడిపన్న దగ్గర మొక్కలు తెచ్చి తోట వేశాడు. మామిడి, జామ, నేరేడు. భుజం కాయలు కాసేలా కడవలు మోసి పెంచాడు. చిలకలొచ్చాయి. బట్టమేక రాలేదు.

అయితే ఆ చిలకల్లో ఒకటి మాట్లాడింది. "రాకుమారా, తిన్నావా?" అంది.

మనిషి మాట విని ఎన్నాళ్ళయిందో, అతనికి ఏడుపొచ్చేసింది. ఆ రోజు మొదలు పొద్దునా సాయంత్రం అదే పలకరింపు. "తోట ఇంకా చిక్కబడాలి, అప్పుడొస్తుంది నీ తారావళి" అనేది. ఇంకా నాటాడు, ఇంకా మోశాడు. మనకి నీడ హాయి కదాని పిట్టకీ నీడే వేశాడు, పిచ్చినాయన.

ఒకనాడు చెరువుకి నీళ్ళకొచ్చిన ముసలి కృష్ణజింక అతన్ని చూసి ఆగింది.

"ఎవరికోసం నాయనా ఈ తోటంతా?"

"బట్టమేక కోసం."

జింక కాసేపు గడ్డి నమిలింది. "అది చెట్టెక్కగా ఎప్పుడైనా చూశావా? దాని కాలికి వెనకవేలే లేదు, కొమ్మెలా పట్టుకుంటుంది? బోడినేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. మెడెత్తితే నాలుగు దిక్కులా కనబడాలి దానికి. చెట్టుంటే చాటున నక్క ఉందనుకుంటుంది. గడ్డి నిలువెత్తున్నా అంతే. గింజ రాలాక గొర్రెల్ని రానిచ్చి, తొలకరికి ముందే ఆపెయ్యాలి. కాపరుల తాతలనాటి పద్ధతి అది. మీ నాన్న ఇచ్చిన నేల అచ్చం ఆ పిట్టదే. నువ్వే పాడుచేశావు."

మణికర్ణుడు మోస్తున్న కడవ కింద పెట్టేశాడు.

"ఇంకోటి విను" అంది జింక. "నీతో మాట్లాడే చిలకలోనే ఆ మాంత్రికుడి ప్రాణముంది. పిట్టని ముట్టకూడనివాడి తోటకన్నా వాడికి భద్రమైన చోటెక్కడ దొరుకుతుంది?"

మణికర్ణుడు తిన్నగా జామచెట్టు కిందికెళ్ళాడు. "నిజమేనా?"

"నిజమే" అంది చిలక. "నన్ను చంపుతావా?"

"నిన్ను ముట్టుకోను. చెట్లు కొట్టేస్తాను."

"చెట్లు పోతే నీతో ఎవరు మాట్లాడతారు?"

అతను గుడిసె వైపు తిరిగాడు. "పోనీ పంజరంలో పెట్టుకో, నీ గుడిసెలోనే పడుంటాను" అని బతిమాలింది చిలక. ఉన్నమాట చెప్పాలి కదా, పంజరం అల్లుదామనే ఒక్క క్షణం అనుకున్నాడు. ఒంటరివాడు పగవాడి పలకరింపుకైనా మొహంవాచి ఉంటాడర్రా.

గూళ్ళలో పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆగాడు. అప్పుడు గొడ్డలి పట్టాడు. నీళ్ళు పోసిన చేత్తోనే ఒక్కో చెట్టూ కొట్టాడు. మిగతా చిలకలన్నీ నడిపన్న తోపుల్లోకి పోయాయి. మాట్లాడే చిలక యజమాని దగ్గరికే పోతానని సముద్రాల వైపు ఎగిరింది. జామపళ్ళు మేసి మేసి ఒళ్ళు చేసింది కదా, మూడు సముద్రాలు దాటి నాలుగోదాంట్లో పడింది. ఏడు సముద్రాల అవతల ధూమ్రకేశుడు పప్పన్నం కలుపుతూ కలుపుతూ విస్తరి మీదికే ఒరిగిపోయాడు. పీడ విరగడైంది, కానీ వాడు వేసిన మంత్రం మాత్రం విరగలేదు.

అందుకే మణికర్ణుడు సంబరపడలేదు. సాయంత్రం పొయ్యి దగ్గర తనకి తనే "తిన్నావా?" అనుకునేవాడు. కొన్నాళ్ళకి అదీ మానేశాడు. కాపరుల దగ్గరికెళ్ళి తప్పయిందని చెప్పి మందల్ని పిలుచుకున్నాడు. గింజ రాలాక వచ్చేవాళ్ళు, తొలకరికి ముందే పోయేవాళ్ళు. ఆ తర్వాత గాలి, గడ్డి, అతను. ఏళ్ళు గడిచాయి. తారావళి మొహం కూడా సరిగ్గా గుర్తుకు రాకుండా పోతోందని భయపడేవాడు.

ఒక తొలకరి వెళ్ళిన పొద్దున తలుపు తీస్తే గడ్డి మధ్య పొడుగు మెడ కనబడింది. ఎక్కడివాడక్కడే కూర్చుండిపోయాడు. పొగకి బెదురుతుందని పొయ్యి వెలిగించలేదు. పిట్ట నడిచింది, ఆగింది, నలుదిక్కులా చూసింది. అతన్నీ చూసింది. కాలితో నేల గీరి మెల్లగా కూర్చుంది.

మరుక్షణం గడ్డిలో తారావళి కూర్చుని ఉంది, చేతులనిండా మట్టితో.

మణికర్ణుడు దగ్గరికెళ్ళి పక్కనే కూర్చున్నాడు. ముందు ఆమే మాట్లాడింది.

"ఏటా వచ్చాను. నువ్వు కడవలు మోస్తుంటే పైనుంచి చూసేదాన్ని. దిగాలనుండేది. ఆ చెట్లు చూసి భయమేసి వెనక్కి పోయేదాన్ని. అవి పోయాక కూడా ఆ బెదురు తీరడానికి ఇన్నేళ్ళు పట్టింది."

"నీకోసమే నాటాను" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత ఆమెతో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"తెలుసు" అంది తారావళి. ఇద్దరూ అక్కడే కూర్చుని తనివితీరా ఏడ్చారు.

కాపరులు పెళ్ళిపెద్దలయ్యారు. ముసలిరాజు చిన్నకొడుకు ఓర్పు చూసి కిరీటం అతనికే పెట్టాడు. ఇద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. కంచలో నాగలి దిగకూడదని, మొక్క నాటకూడదని చాటింపు వేయించారు. బట్టమేకలు గుంపులుగా వచ్చేవి.

తొలకరి రోజున మాత్రం రాణి ఎవరికీ చెప్పకుండా ఆ గడ్డిలోకి వెళ్ళిపోయేది. పిట్టలు పిలుచుకుంటుంటే మెడెత్తి వింటూ నిలబడేది. మణికర్ణుడు వెంట వెళ్ళేవాడు కాదు, పిలిచేవాడు కాదు. పొద్దు వాలేసరికి ఆమె ఇంటికి వచ్చేది, ఏటా వచ్చేది. ఏటా అతనికి ఆమె అడుగు గడప లోపల పడేదాకా ఊపిరాడేది కాదు.